వాల్వ్ + బైపాస్ ఆపరేషన్‌లో బ్లీడింగ్, కిడ్నీ రెండూ ఎలా కనిపెట్టుకుంటారు? నాన్నకి డేట్ ఇచ్చేశారు

కృష్ణలంక అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్లు, బరువు 70 కిలోలు, షుగర్ బీపీ ఎప్పట్నుంచో ఉన్నాయి. ఆయాసం వస్తోందని చూపిస్తే యాంజియోగ్రామ్‌లో మూడు బ్లాకులు, ఎకోలో అయోర్టిక్ వాల్వ్ బాగా బిగుసుకుపోయింది అని తేలింది. వాల్వ్ మార్చి బైపాస్ కూడా ఒకేసారి చేస్తామన్నారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 1.5 ఉంది, హిమోగ్లోబిన్ 10.8.

కన్సెంట్ పేపర్ మీద సంతకం పెట్టించుకునేటప్పుడు డ్యూటీ డాక్టర్ గబగబా చెప్పుకుపోయారు, బ్లీడింగ్ ఆగకపోతే మళ్ళీ ఓపెన్ చేయాల్సి రావచ్చు, కిడ్నీ మీద దెబ్బ పడితే డయాలసిస్ కూడా పట్టొచ్చు అని. అమ్మ అక్కడే కూలబడింది. సర్జన్ గారు మంచివారే, ధైర్యం చెప్పారు, కానీ ఆయన దగ్గర కూర్చుని ఇవన్నీ అడిగే టైమ్ దొరకట్లేదు.

నాకు అర్థం కానిది ఏంటంటే, ఛాతీ తెరిచి గుండె ఆపేసి ఉన్నప్పుడు కిడ్నీకి ఏమవుతోందో లోపల వాళ్ళకి ఎలా తెలుస్తుంది? రక్తం గడ్డకట్టకుండా మందిస్తారు అంటున్నారు, మళ్ళీ బ్లీడింగ్ ఆపడానికి మందు అంటున్నారు, రెండూ ఎలా? పంపు లేకుండా బీటింగ్ హార్ట్ చేస్తే కిడ్నీకి మంచిదని మా బంధువులొకరు అన్నారు, అది అడగొచ్చా? నలుగురు డోనర్లని రెడీ పెట్టుకోమన్నారు, అంత రక్తం పోతుందా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్, చదువుకుని అమ్మకి నేను చెప్పుకుంటాను.

పంపు దగ్గర మనిషి:

అమ్మా, నేను పర్‌ఫ్యూజనిస్ట్‌ని, అంటే గుండె ఆపినప్పుడు హార్ట్ లంగ్ మెషిన్ నడిపేవాణ్ణి, దాన్నే పంపు అంటాం. మీరడిగిన దాంట్లో సగం నా కుర్చీ దగ్గర జరిగేదే కాబట్టి చెప్తాను.

ముందు బీటింగ్ హార్ట్ సంగతి. ఒట్టి బైపాస్ అయితే మన దగ్గర చాలా చోట్ల పంపు లేకుండానే చేస్తారు, కానీ నాన్నగారికి వాల్వ్ మార్చాలి, అయోర్టాని, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాన్ని, కోసి తెరవాలి, గుండె కొట్టుకుంటుండగా అది కుదరదు. కాబట్టి దాని గురించి మనసు పాడుచేసుకోకండి. ఒట్టి బైపాస్‌లో పంపు ఉన్నా లేకపోయినా ఎలా ఉంటుందని కరోనరీ అని పెద్ద ట్రయల్ జరిగింది, అందులో పంపు లేనివాళ్ళకి మొదటి నెలలో కిడ్నీ దెబ్బ కొంచెం తక్కువే కనిపించింది, ఏడాది తర్వాత చూస్తే కిడ్నీ పనితీరులో తేడా లేదు.

ఇక గడ్డకట్టడం. రక్తం ప్లాస్టిక్ ట్యూబుల్లోంచి, ఆక్సిజనేటర్‌లోంచి (రక్తానికి ఆక్సిజన్ కలిపే భాగం) తిరగాలి. ఊరికే వదిలితే నిమిషాల్లో గడ్డకట్టేస్తుంది. అందుకని పంపు మొదలెట్టే ముందు హెపారిన్ ఇస్తారు, కిలోకి 300 నుంచి 400 యూనిట్లు, నాన్నగారి బరువుకి 21 వేల యూనిట్లకి తగ్గదు. ఇచ్చాక ఏసీటీ అనే టెస్ట్ చేస్తాం, కొద్దిగా రక్తం చిన్న ట్యూబులో వేసి మెషిన్‌లో పెడితే ఎన్ని సెకన్లకి గడ్డకట్టిందో చెప్తుంది. మామూలుగా 100, 120 సెకన్ల దగ్గర ఉండేది 480 దాటాలి (కొన్ని సెంటర్లలో 400 చాలంటారు), అది దాటిందని గట్టిగా పైకి చెప్పాకే సర్జన్ పంపు మీదకి వెళ్ళమంటారు. తర్వాత కూడా అరగంటకోసారి చూస్తూనే ఉంటాం, తగ్గుతోందంటే ఇంకొంచెం హెపారిన్. పని అయ్యాక ప్రోటమిన్ ఇచ్చి హెపారిన్‌ని విరిచేస్తారు, ఏసీటీ మొదట ఎక్కడుందో అక్కడికి రావాలి. మీరడిగిన రెండు మందులూ ఇవే, ఒకటి ముందు, ఒకటి చివర.

ఇప్పుడు అసలు సంగతి, దీన్ని శ్రద్ధగా చదవండి. బ్లీడింగ్, కిడ్నీ అని రెండు వేరు వేరు భయాలుగా చెప్పారు కదా మీకు. మా దగ్గర అవి రెండూ ఒకటే లెక్క. మెషిన్ ట్యూబుల్ని ముందుగా సెలైన్ లాంటి ద్రవంతో నింపుకోవాలి, లీటరు పైనే పడుతుంది. నాన్నగారి ఒంట్లో రక్తం దాదాపు 4.9 లీటర్లు అనుకోండి, హిమోగ్లోబిన్ 10.8, దాంట్లో 1.2 లీటర్ల నీళ్ళ లాంటిది కలిస్తే ఒక్క చుక్క రక్తం పోకుండానే 8.7కి దిగుతుంది. మత్తు డాక్టర్ ఇచ్చే ఫ్లూయిడ్, గుండె ఆపే కార్డియోప్లీజియా కూడా కలిస్తే 8 దగ్గరికి వస్తుంది. కిడ్నీ లోపలి భాగానికి మామూలు రోజుల్లోనే ఆక్సిజన్ బొటాబొటీ, అది తగ్గితే ముందు నలిగేది అదే.

అందుకే మేము ఒంటి మొత్తానికి నిమిషానికి ఎంత ఆక్సిజన్ వెళ్తోందో లెక్క వేసుకుంటాం, డీఓ2 అంటాం. పంపు ఫ్లో ఎంత, హిమోగ్లోబిన్ ఎంత అన్నదాన్ని బట్టి వస్తుంది. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి నిమిషానికి 270, 280 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే కిడ్నీ దెబ్బ పెరుగుతోందని 2005 నుంచి స్టడీలు వచ్చాయి, 2018లో వచ్చిన ట్రయల్‌లో 280 పైన ఉంచితే మొదటి స్టేజి కిడ్నీ దెబ్బ తగ్గిందని తేలింది. హిమోగ్లోబిన్ 8 ఉండి ఫ్లో 2.4 (చదరపు మీటరుకి నిమిషానికి లీటర్లు) పెడితే సరిగ్గా 270 దగ్గరికి వస్తుంది, అంటే అంచు మీద ఉన్నట్టు. అప్పుడు ఫ్లో 2.6కి పెంచుతా, 290 దాటుతుంది, రక్తం ఎక్కించకుండానే. హిమోగ్లోబిన్ 7కి పడితే మాత్రం ఫ్లో 2.8 కావాలి, ఒక్కోసారి ట్యూబులు అంత ఇవ్వలేవు, అప్పుడు రక్తం బ్యాగ్ అడుగుతాం. స్క్రీన్ మీద ఈ నంబరు ఆపరేషన్ అంతా కనిపిస్తూనే ఉంటుంది, పక్కనే బీపీ, యూరిన్ బ్యాగ్. యూరిన్ ఎర్రగా వస్తోందంటే పంపులో కణాలు చితుకుతున్నాయేమో అని వెంటనే చూస్తాం, చితికిన కణాల్లోంచి వచ్చే హిమోగ్లోబిన్ కూడా కిడ్నీకి పడదు.

కాబట్టి మీరు అడగాల్సినవి అడగండి. ద్రవం తక్కువ పట్టేలా ట్యూబుల సర్క్యూట్ చిన్నది పెడతారా, మొదట్లో నింపిన ద్రవాన్ని నాన్నగారి రక్తంతోనే వెనక్కి తోసేస్తారా (చాలా చోట్ల చేస్తారు, నీళ్ళు తక్కువ కలుస్తాయి), సెల్ సేవర్ ఉందా, అంటే కారిన రక్తాన్ని పీల్చి కడిగి మళ్ళీ ఎక్కించే మెషిన్. ఇంకోటి, డేట్‌కి ఇంకా కొన్ని వారాలు ఉంటే 10.8 ఎందుకు ఉందో చూపించండి, ఐరన్ తక్కువైతే సెలైన్‌లో ఐరన్ ఎక్కించొచ్చు. ముందే హిమోగ్లోబిన్ 12 ఉన్న మనిషిని పంపు మీదకి తీసుకోవడానికీ 10.8 ఉన్న మనిషిని తీసుకోవడానికీ నా పనిలో చాలా తేడా ఉంటుంది.

ఖమ్మం బాబాయ్:

బిడ్డా భయపడకు. మా అన్నకి ఇట్లనే వాల్వ్ ఆపరేషన్ అయింది, రాత్రి మళ్ళీ ఓపెన్ చేసిన్రు. ఐసీయూ బయట మేమంతా కూర్చున్నం, ఒకాయన వచ్చి డ్రెయిన్‌ల (ఛాతీల పెట్టిన గొట్టం) రక్తం ఎక్కువొస్తాంది, లోపలికి తీసుకుపోతున్నం అన్నడు, అంతే, ఇంకో ముక్క చెప్పలే. ఆ టైమ్‌ల మా వదిన ఎట్ల ఏడ్చిందో నేను చెప్పలేను. తీరా చూస్తే ఒక చిన్న రక్తనాళం దగ్గర కారుతాంది, కట్టేసిన్రు, తెల్లారేసరికి ఆగింది. ఇప్పుడు అన్న పొలం కాడికి పోతడు.

నేను చెప్పేది ఒకటే, మళ్ళీ ఓపెన్ చేసుడు అంటే ఆపరేషన్ ఫెయిల్ అయినట్టు కాదు. లోపల రక్తం నింపుకొని ఆలస్యం చేసుడే ప్రమాదం. ఆ మాట మాకెవరన్నా ముందుగాల చెప్తే ఆ రాత్రి అంత గోస ఉండకపోవు, అందుకే నీకు చెప్తున్న. నలుగురు డోనర్ల సంగతి, అది బ్లడ్ బ్యాంక్‌ల నుంచి తీసుకున్నదానికి బదులు ఇచ్చుడు, అంత రక్తం పోతదని కాదు. డోనర్లల్ల ఇద్దరిని మాత్రం ఆపరేషన్ రోజు ఫోన్‌కి అందేటట్టు ఉండమను, ప్లేట్‌లెట్స్ కావాలంటే అప్పటికప్పుడు కావాలంటరు, అవి అయిదు రోజులకంటే నిలవుండవట.

మత్తు డాక్టర్:

పర్‌ఫ్యూజన్ సోదరుడు చాలా చక్కగా చెప్పారు, ఆ లెక్క ప్రతి బంధువుకీ తెలియాల్సిందే. నేను కార్డియాక్ అనస్థీషియాలో ఉన్నాను, తలకాయ దగ్గర నుంచుని చూసే మనిషిని, మిగతా సగం నేను చెప్తాను.

ప్రోటమిన్ ఇచ్చాక కూడా రక్తం ఊరుతూ ఉంటే దానికి కారణాలు చాలా ఉంటాయి. హెపారిన్ కొంచెం మిగిలిందా, పంపులో తిరిగి ప్లేట్‌లెట్స్ అలిసిపోయాయా, గడ్డకట్టించే ప్రోటీన్ ఫైబ్రినోజెన్ తగ్గిందా, కట్టిన గడ్డ తొందరగా కరిగిపోతోందా, లేక అసలు కుట్టు దగ్గరే కారుతోందా. పాత రోజుల్లో ఏది తక్కువో తెలియక అన్నీ కలిపి ఎక్కించేవాళ్ళు. ఇప్పుడు చాలా పెద్ద సెంటర్లలో టెగ్ గానీ రోటెమ్ గానీ ఉంటుంది, చిన్న కప్పులో రక్తం వేస్తే గడ్డ ఎప్పుడు మొదలైంది, ఎంత గట్టిగా కట్టింది, మళ్ళీ కరుగుతోందా అన్నది గీత గీసి చూపిస్తుంది. 1948లో హార్టర్ట్ అనే జర్మన్ డాక్టర్ కనిపెట్టిన పద్ధతి అది. ఆ గీత మొదలవడమే ఆలస్యమైతే ప్లాస్మా, గీత సన్నగా ఉంటే ప్లేట్‌లెట్స్ లేదా క్రయో (ఫైబ్రినోజెన్ ఎక్కువుండే రక్త భాగం), గీత అంతా బాగుండి కూడా రక్తం కారుతోందంటే సర్జన్ గారు మళ్ళీ కుట్లు చూసుకోవాలి. ఈ చివరి మాట చెప్పడానికే ఆ మెషిన్ ఎక్కువ పనికొస్తుంది అని నా అభిప్రాయం, అనవసరంగా బ్యాగుల మీద బ్యాగులు ఎక్కించకుండా ఆపుతుంది.

ఎందుకు ఇంత పట్టుదల అంటే, రక్తం ఎక్కించడం కూడా కిడ్నీకి ఊరికే మేలు చేసేది కాదమ్మా. తక్కువైతే ఆక్సిజన్ చాలదు, ఎక్కువ బ్యాగులు పడ్డవాళ్ళలో కిడ్నీ దెబ్బ కూడా ఎక్కువగానే కనిపిస్తుంది. 2017లో ట్రిక్స్ 3 అని దాదాపు 5,000 మంది మీద చేసిన ట్రయల్‌లో హిమోగ్లోబిన్ 7.5 కింద పడ్డాకే ఎక్కించినా, 9.5 దగ్గరే ఎక్కించినా చావులూ కిడ్నీ ఫెయిల్యూరూ ఏమీ తేడా రాలేదు. అందుకని "8 ఉంది, ఇంకా ఎక్కించలేదేంటి" అని ఐసీయూలో గొడవ పడకండి, చాలామంది బంధువులు పడతారు.

ప్రోటమిన్ కాకుండా బ్లీడింగ్ తగ్గించే మందు ఇంకోటి ఉంది, ట్రానెక్సామిక్ యాసిడ్. జపాన్‌లో ఒకామోతో దంపతులు 1962లో కనిపెట్టింది, ఈరోజుకీ మా చేతిలో అదే. అటాకాస్ ట్రయల్‌లో 4,600 మందికి పైగా పేషెంట్లు, ఈ మందు ఇచ్చిన గుంపుకి మొత్తం 4,331 యూనిట్ల రక్తం ఉత్పత్తులు పడితే, ఇవ్వని గుంపుకి 7,994 పట్టాయి, మళ్ళీ ఓపెన్ చేయడం కూడా సగానికి తగ్గింది. ఫిట్స్ మాత్రం కొంచెం పెరిగాయి. ఇక్కడే నాన్నగారి విషయం వస్తుంది, ఈ మందు కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది, క్రియాటినిన్ 1.5 ఉన్నవాళ్ళకి డోసు తగ్గించి ఇస్తాం. దీనికి ముందు అప్రోటినిన్ అని వాడేవాళ్ళు, రక్తం భలే ఆపేది, కానీ 2006లో వచ్చిన స్టడీలో డయాలసిస్ దాకా వెళ్ళేవాళ్ళు ఎక్కువవుతున్నారని కనిపించింది, 2008లో కెనడా ట్రయల్‌లో చావులు కూడా ఎక్కువే అని తేలింది, మార్కెట్ నుంచి తీసేశారు (తర్వాత కొన్ని దేశాల్లో పరిమితంగా మళ్ళీ అనుమతించారు). బ్లీడింగ్ ఒక్కటే చూసి కిడ్నీని వదిలేస్తే ఏమవుతుందో ఆ మందు చూపించింది, నేను పీజీలకి పాఠం చెప్పేటప్పుడు ఎప్పుడూ ఇక్కడే మొదలెడతాను.

కిడ్నీ కోసం థియేటర్‌లో కొత్తగా వచ్చినది ఒకటుంది. 2024లో ప్రొటెక్షన్ అనే ట్రయల్‌లో 3,511 మందికి ఆపరేషన్ మొదలైన దగ్గర్నుంచి కొందరికి అమైనో యాసిడ్ డ్రిప్ ఎక్కించారు, కిడ్నీ దెబ్బ 31.7 శాతం నుంచి 26.9 శాతానికి తగ్గింది. కొన్ని చోట్ల మొదలెట్టారు, మీ టీమ్‌ని అడగొచ్చు, కానీ ఇవ్వలేదని హాస్పిటల్ మార్చాల్సినంత విషయం కాదు.

ఆపరేషన్ ముందు మందుల లిస్టు ఒకసారి కూర్చుని రాసుకోండి, మీ చేతిలో ఉన్న పని అదే. రక్తం పల్చబరిచే క్లోపిడోగ్రెల్ ఉంటే సాధారణంగా అయిదు రోజుల ముందు ఆపిస్తారు, టికాగ్రెలర్ అయితే మూడు రోజులు, చిన్న డోసు ఆస్పిరిన్ మామూలుగా ఆపరు. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉంటే మూడు రోజుల ముందు ఆపాలి, ఇది చాలామంది మర్చిపోతారు. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు ముందు రోజు ఆపమంటారు. మోకాళ్ళ నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మాత్రం ఈరోజే ఆపించండి, చూర్ణాలు, భస్మాలు ఏమన్నా వాడుతుంటే దాచకుండా చెప్పండి. ఆ నొప్పి మాత్రలు తప్ప వీటిలో ఏదీ నా మాట మీద సొంతంగా ఆపొద్దు, లిస్టు తీసుకెళ్ళి మీ డాక్టర్‌తో టిక్ పెట్టించుకోండి.

సీటీవీఎస్ సిస్టర్:

నేను గుండె ఆపరేషన్ ఐసీయూలో స్టాఫ్ నర్స్‌ని. థియేటర్ నుంచి పేషెంట్ వచ్చాక మొదటి రాత్రి మాదే కాబట్టి అది చెప్తాను. పేషెంట్ రాగానే డ్రెయిన్ డబ్బా మీద ప్లాస్టర్ ముక్క అంటించి టైమ్ రాసి గీత పెడతాం, ప్రతి గంటకీ కొత్త గీత. మొదటి గంటలో వంద, తర్వాత అరవై, నలభై అలా దిగుతూ పోతే సంతోషం. గంటకి 200 ఎమ్మెల్ దాటి వరసగా వస్తోందంటే సర్జన్‌కి ఫోన్, ఒక్క గంటలోనే 400, 500 వచ్చిందంటే ఫోన్ పెట్టేలోపు థియేటర్ రెడీ చేయమంటారు. రంగు కూడా చూస్తాం, చిక్కగా ఎర్రగా వేడిగా వస్తోందా పల్చబడుతోందా అని.

బయటవాళ్ళకి తెలియనిది ఇంకోటి, డ్రెయిన్ ఎక్కువ రావడం కంటే ఉన్నట్టుండి ఆగిపోవడం మాకు ఎక్కువ భయం. అప్పటిదాకా 150 వస్తున్నది సున్నా అయ్యి, బీపీ పడిపోతూ, మెడ దగ్గర లైన్‌లో సీవీపీ (గుండెకి తిరిగొచ్చే రక్తం ఒత్తిడి) పెరుగుతూ, యూరిన్ ఆగిందంటే ట్యూబులో గడ్డ అడ్డుపడి రక్తం గుండె చుట్టూ నిండుతోందేమో అని అర్థం. అప్పుడు ఎకో పెట్టి చూస్తారు, ఒక్కోసారి దానికి కూడా ఆగరు.

యూరిన్‌కి కూడా గంట గంటకి లెక్క. మీ నాన్నగారి బరువుకి గంటకి 35 ఎమ్మెల్ తగ్గకూడదు, ఆరు గంటలు వరసగా దానికన్నా తక్కువుంటే కిడ్నీ దెబ్బ అని చార్ట్‌లో రాస్తారు. క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 పెరిగినా అంతే, అంటే మీ నాన్నగారికి 1.5 నుంచి 1.8 అయినా రాస్తారు, రాశారు కదా అని డయాలసిస్ అనుకోకండి. గుండె ఆపరేషన్ అయినవాళ్ళలో పది మందిలో ఇద్దరు ముగ్గురికి ఆ మాత్రం వస్తుంది, చాలామందికి కొద్ది రోజుల్లో దిగిపోతుంది, డయాలసిస్ దాకా వెళ్ళేవాళ్ళు నూటికి కొద్దిమందే. పొద్దున్నే రౌండ్స్ అయ్యాక మూడు నంబర్లు అడగండి, రాత్రంతా డ్రెయిన్ మొత్తం ఎంత, యూరిన్ గంటకి ఎంత, క్రియాటినిన్ ఎంత. మేము చెప్తాం, విసుక్కోం.

కృష్ణలంక అమ్మాయి:

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. అమ్మకి సిస్టర్ గారు చెప్పింది మొత్తం చదివి వినిపించాను, బాబాయ్ గారి మాట రెండుసార్లు చదివించుకుంది. మందుల లిస్టు రాస్తుంటే మోకాళ్ళ నొప్పి మాత్ర నిజంగానే బయటపడింది, నాన్న రోజూ ఒకటి వేసుకుంటున్నారట, మాకెవ్వరికీ తెలియదు!! ఇంకో రెండు డౌట్లు. యాంజియోగ్రామ్ అయ్యి వారం కూడా కాలేదు, ఆ డై వల్ల కిడ్నీకి ఏమన్నా అవుతుందా, డేట్ జరపమని అడగొచ్చా? డల్లాస్‌లో మా కజిన్ నర్స్, క్రియాటినిన్ ఆలస్యంగా పెరుగుతుంది, ముందే తెలిసే యూరిన్ టెస్టులు ఉన్నాయి అవి చేయించండి అంటోంది, ఇక్కడ చేస్తారా?

మత్తు డాక్టర్:

ఆ మాత్ర దొరకడం చాలా మంచిదైంది, అది సర్జన్‌కి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే 1.5లో కొంత దాని వల్లే అయ్యుండొచ్చు, ఆపి కొన్ని రోజుల తర్వాత మళ్ళీ టెస్ట్ చేయిస్తే అసలు నంబరు తెలుస్తుంది. డై సంగతి కూడా దీనితో కలిపే చూడాలి. డై వల్ల పెరిగితే క్రియాటినిన్ రెండు మూడు రోజుల్లో పెరిగి తర్వాత దిగుతుంది, కాబట్టి యాంజియో ముందు ఎంత ఉంది, ఇప్పుడు ఎంత ఉంది అని రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూపించండి. ఇంకా పెరుగుతూ ఉంటే, గుండె పరిస్థితి ఆగనిస్తే, దిగేదాకా ఆగడమే మేలు, మేమే చాలాసార్లు ఆపుతాం. కానీ వాల్వ్ బాగా బిగిసి కళ్ళు తిరగడం, గుండె నొప్పి ఉంటే వాయిదా కూడా ప్రమాదమే, ఆ తూకం సర్జనే వేయాలి. డేట్ జరపండి అని కాకుండా, కిడ్నీ నంబరు దిగేదాకా ఆగే వీలుందా అని అడగండి.

మీ కజిన్ చెప్పింది నిజమే, క్రియాటినిన్ ఒకటి రెండు రోజులు వెనకబడి పెరుగుతుంది, పైగా ఆపరేషన్‌లో ఫ్లూయిడ్ కలవడం వల్ల మొదటి రోజు తక్కువగా కూడా కనిపిస్తుంది, అది చూసి బాగుందనుకోకూడదు. ఎన్‌గాల్ అని ఉంది, నెఫ్రోచెక్ అని ఇంకోటి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది, కొన్ని గంటల్లోనే కిడ్నీ కణాలు ఇబ్బంది పడుతున్నట్టు చెప్తాయి. మన దగ్గర అన్నిచోట్లా ఉండవు, ఖర్చు కూడా. అవి లేకపోయినా బీపీ పడనివ్వకపోవడం, షుగర్ అదుపు, నొప్పికి పారాసిటమాల్ లాంటివి వాడి ఆ మోకాళ్ళ మాత్ర జాతి మందులు దగ్గరికి రానివ్వకపోవడం, గంట గంటకి యూరిన్ చూడటం, ఇవి నాన్నగారికి ఎలాగూ చేస్తారు, ఆ టెస్ట్ పాజిటివ్ వచ్చినా చేసేది ఇదే. ఆ టెస్టుకి పెట్టే డబ్బు కన్నా హిమోగ్లోబిన్ పెంచుకోవడానికి ఐరన్ మీద పెట్టమని చెప్తాను. ఒంట్లో ఐరన్ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ టెస్టులు రేపే చేయించి రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, చూద్దాం.